యూదుల పెద్ద పండుగలకు పాడితే ఎంత అడగాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికాలో ఆగస్టు వచ్చిందంటే చిన్న సినగాగుల (యూదుల ప్రార్థనా మందిరాల) కమిటీలకు టెన్షన్ మొదలవుతుంది. ఏడాదంతా సగం ఖాళీగా ఉండే ప్రార్థన హాలు రోష్ హషానా, యోమ్ కిప్పూర్ అనే రెండు పండుగలకు కిక్కిరిసిపోతుంది. పాడించడానికి మాత్రం మనిషి దొరకడు. దొరికినవాళ్లకు ఎంత అడగాలో తెలియదు, పిలిచినవాళ్లకు ఎంత ఇవ్వాలో తెలియదు. మొదట ఇద్దరూ మొహమాటపడతారు, పండుగ అయ్యాక ఇద్దరూ నొచ్చుకుంటారు. కొన్నేళ్లుగా ఈ సర్వీసులకు కీబోర్డ్ వాయిస్తున్నాను కాబట్టి ఇక్కడి మన తెలుగు సంగీతకారులు ఫోన్ చేసి అడిగేవీ, సినగాగుల వాళ్లు అడిగేవీ కలిపి రాస్తున్నాను.

ఏ పండుగలు ఇవి? ఎన్నిసార్లు పాడాలి?

రోష్ హషానా యూదుల కొత్త సంవత్సరం. దానితో మొదలయ్యే పది రోజుల చివర వచ్చేది యోమ్ కిప్పూర్, ఉపవాసం ఉండి క్షమాపణ వేడుకునే రోజు. 2026లో రోష్ హషానా సెప్టెంబర్ 11 శుక్రవారం సూర్యాస్తమయంతో మొదలవుతుంది. యోమ్ కిప్పూర్ సెప్టెంబర్ 20 ఆదివారం సాయంత్రం నుంచి సోమవారం చీకటి పడేదాకా.

సర్వీసుల సంఖ్య సినగాగును బట్టి మారుతుంది. పాత నియమాలను సడలించుకున్న రిఫార్మ్ శాఖలో చాలాచోట్ల రోష్ హషానా ఒక్కరోజే చేస్తారు. సాయంత్రం ఒక సర్వీసు, మర్నాడు ఉదయం ఒకటి. యోమ్ కిప్పూర్‌కు ముందురోజు సాయంత్రం కోల్ నిద్రే అనే ప్రార్థన, ఉదయం సర్వీసు, మధ్యాహ్నం మిన్హా, చనిపోయినవాళ్లను తలచుకునే యిజ్కోర్, చివర్లో ముగింపు ప్రార్థన నెయిలా. సంప్రదాయాన్ని ఎక్కువగా పాటించే కన్సర్వేటివ్, ఆర్థడాక్స్ శాఖల వాళ్లు రోష్ హషానా రెండు రోజులూ చేస్తారు, ప్రతి ఉదయం ముసాఫ్ అనే అదనపు ప్రార్థన కూడా ఉంటుంది. ఉదయం సర్వీసు ఐదు గంటలు నడిచినా ఎవరూ ఆశ్చర్యపోరు. రోష్ హషానాకు ముందు ఒక శనివారం రాత్రి సెలిహోత్ అనే క్షమాపణ ప్రార్థనల సర్వీసు ఉంటుంది. ఫీజు మాట్లాడేటప్పుడు దాన్ని అందరూ మర్చిపోతారు, తీరా ఆ వారం వచ్చాక "అది కూడా మీరే కదా" అంటారు. ముందే అడగండి.

హజ్జాన్, కాంటర్, సోలోయిస్ట్: ఎవరు ఎవరు?

ప్రార్థనను పాడుతూ నడిపించే మనిషిని హీబ్రూలో హజ్జాన్ అంటారు, ఇంగ్లిష్‌లో కాంటర్. కాంటర్ అంటే సాధారణంగా కొన్నేళ్లు కాలేజీలో చదివి పట్టం పుచ్చుకున్నవాళ్లు. హీబ్రూ యూనియన్ కాలేజ్‌లో ఈ చదువు 1948లో మొదలైంది. అక్కడి నుంచి 1975లో బార్బరా ఓస్ట్‌ఫెల్డ్ బయటికి రావడంతో రిఫార్మ్ శాఖలో ఆడవాళ్లకు ఈ పదవి దక్కింది. కన్సర్వేటివ్ శాఖ 1987 దాకా ఆగింది.

పట్టం లేకుండా, గొంతూ సంగీత జ్ఞానమూ ఉండి పాడించేవాళ్లను కాంటోరియల్ సోలోయిస్ట్ అంటారు. వీళ్లు కాక సమాజంలోనే ఉన్న పెద్దమనిషి ఎవరో నిలబడి ప్రార్థన చేయించే పద్ధతి మొదటినుంచీ ఉంది. యూదుల పవిత్ర గ్రంథమైన తోరా చదివేవాళ్లు వేరు, పొట్టేలు కొమ్ముతో చేసిన షోఫార్ ఊదేవాళ్లు వేరు. చిన్నచోట్ల ఈ పనులన్నీ ఒక్కరి నెత్తినే పడతాయి. అప్పుడు ఫీజు కూడా ఆ లెక్కలోనే ఉండాలి. "పాడటానికి వచ్చారు కదా, తోరా కూడా చదివేయండి" అన్నది చిన్న కోరిక కాదు. తోరా చుట్టలో అచ్చుల గుర్తులూ ఉండవు, ఎలా పాడాలో చెప్పే గుర్తులూ ఉండవు. ఒక్కో భాగాన్నీ ముందుగా వారాల తరబడి కంఠతా పట్టాలి.

యూదులు కానివాళ్లు ఈ పని చేయొచ్చా?

ప్రార్థనను నడిపించే పనైతే, చేయకూడదు. సమాజం తరఫున నిలబడి ప్రార్థించే మనిషికి ఆ ప్రార్థన తన విధి కూడా అయి ఉండాలి. వాయిద్యం, కోరస్ మాత్రం వేరే సంగతి. రిఫార్మ్ ఉద్యమం జర్మనీలో మొదలైనప్పుడు, 1810లో జీసెన్ పట్టణంలోని ఆలయంలో ఆర్గన్ పెట్టారు. షబ్బత్ నాడు (శుక్రవారం సాయంత్రం నుంచి శనివారం చీకటి పడేదాకా ఉండే విశ్రాంతి దినం), పండుగ నాడు యూదులు వాయిద్యం ముట్టకూడదన్నది పాత నియమం. అందుకని చాలా సినగాగులు వేరే మతం వాళ్లను ఆర్గన్ దగ్గర కూర్చోబెట్టుకున్నాయి. ఆ అలవాటు ఈనాటికీ ఉంది. నాలాంటి తెలుగువాడికి కీబోర్డ్ ముందు చోటు దొరికింది ఆ దారిలోనే.

కోల్ నిద్రే రాత్రి చెల్లో వాయించేవాళ్లకు గిరాకీ ఎక్కువ. మాక్స్ బ్రూక్ అనే జర్మన్ ప్రొటెస్టెంట్ స్వరకర్త 1880లో ఆ బాణీ మీద చెల్లోకు ఒక రచన చేశాడు. ఇప్పుడు అది లేకపోతే పండుగ వచ్చినట్టే ఉండదనే సినగాగులు బోలెడు. స్కూల్ ఆర్కెస్ట్రాలో చెల్లో నేర్చుకున్న మన పిల్లలకు పిలుపు వచ్చేది ఎక్కువగా దీనికే. ఆర్థడాక్స్ సినగాగుల్లో మాత్రం పండుగనాడు వాయిద్యమూ ఉండదు, మైకూ ఉండదు.

పవిత్రమైన రోజున చేసిన పనికి డబ్బు పుచ్చుకోవడం వాళ్ల ధర్మం ఒప్పుకుంటుందా?

దీనికి జవాబు తెలిస్తే ఫీజు సంగతి సగం తేలిపోయినట్టే.

షబ్బత్ నాడు గానీ పండుగ నాడు గానీ చేసిన పనికి ఆ రోజు కూలి పుచ్చుకోకూడదని రబ్బీల (యూదు మతగురువుల) కట్టడి. యూదుల ప్రాచీన ధర్మచర్చల గ్రంథం తల్ముద్‌లో పెసాహిమ్ అనే భాగంలో నాలుగు రకాల సొమ్ము కలిసిరాదని ఉంది. అందులో ఒకటి, పండితుడి ప్రసంగాన్ని జనానికి గట్టిగా వినిపించే మనిషి పుచ్చుకునే జీతం. కారణం కూడా అక్కడే చెప్పారు: అది షబ్బత్ కూలిలా కనిపిస్తుంది.

మరి హజ్జాన్లు ఎలా బతికారు? దారి కూడా తల్ముద్ చూపించింది. కాపలావాడిని రోజుకు ఇంత అని పెట్టుకుంటే షబ్బత్ నాటి కూలి ఇవ్వకూడదు. వారానికో, నెలకో, ఏడాదికో మొత్తంగా మాట్లాడుకుంటే షబ్బత్ కూడా అందులో కలిసిపోతుంది, తీసుకోవచ్చు. ఈ కలిపేయడాన్ని హవ్లాఆ అంటారు. 16వ శతాబ్దంలో యోసెఫ్ కారో కూర్చిన ధర్మశాస్త్ర గ్రంథం షుల్హాన్ అరూఖ్, షబ్బత్ ప్రార్థనకు హజ్జాన్‌ను కూలికి పెట్టుకోవడం నిషేధమని చెబుతూనే ఒప్పుకునేవాళ్లూ ఉన్నారని పక్కనే రాసింది. అదే గ్రంథంలో ఇంకోచోట, ఊరికే చేసేవాడికన్నా జీతం పుచ్చుకునే హజ్జానే మేలని ఉంది. మొహమాటపడే కమిటీలకు ఈ వాక్యం చదివి వినిపించాలనిపిస్తుంది నాకు.

కాబట్టి "రోష్ హషానా ఉదయానికి ఇంత, కోల్ నిద్రేకి ఇంత, నెయిలాకు ఇంత" అని హోటల్ బిల్లులా రాసిన కాంట్రాక్టు సంప్రదాయ సినగాగులో చెల్లదు. వారపు రోజుల్లో చేసే సాధన, రిహార్సల్స్, పాటల ఎంపిక, పండుగ సర్వీసులు, అన్నిటికీ కలిపి ఒకే మొత్తం రాసుకోవాలి. రిఫార్మ్ సినగాగులు ఈ నియమాన్ని పట్టించుకోకపోవచ్చు. అయినా అక్కడ కూడా నేను ఇదే సలహా ఇస్తాను. ఎందుకంటే అసలు పని జరిగేది వేదిక మీద కాదు, ముందు రెండు నెలల్లో. పాత ధర్మశాస్త్రమూ నేటి న్యాయమైన బేరమూ ఇక్కడ ఒకే మాట మీద ఉన్నాయి.

మరి ఆ మొత్తం ఎంతో ఎలా తేల్చాలి?

కాగితం తీసుకుని గంటలు రాయండి. మధ్యస్థంగా ఉండే ఒక రిఫార్మ్ సినగాగు అనుకుందాం. అంకెలన్నీ ఊహించినవి, మీవి మీరు వేసుకోండి.

రోష్ హషానా సాయంత్రం 1.5 గంటలు, ఉదయం 3, కోల్ నిద్రే 2, యోమ్ కిప్పూర్ ఉదయం 3, మధ్యాహ్నం నుంచి నెయిలా దాకా మరో 3. మొత్తం 12.5 గంటలు. కమిటీ కంటికి కనిపించేది ఇంతే. 2,000 డాలర్లు ఇస్తామంటే వాళ్ల లెక్కలో గంటకు 160 పడుతుంది. "ఇంకేం కావాలి" అనుకుంటారు, పాపం వాళ్ల తప్పేమీ లేదు.

ఇప్పుడు కనిపించనివి కలపండి. సాధనకు 40 గంటలు. రబ్బీతో, కోరస్‌తో, నాలాంటి వాద్యకారుడితో రిహార్సల్స్ 16. మీటింగులు, ఈమెయిళ్లు, పాటల జాబితా సరిచూసుకోవడం 6. ఐదుసార్లూ గంట ముందు వచ్చి గొంతు సర్దుకోవడం 5. అన్నీ కలిపితే 80 గంటలకు దగ్గరగా వస్తుంది. 2,000ను 80తో భాగిస్తే గంటకు 25. పెట్రోలు, నోట్స్ పుస్తకాలు, తెల్ల అంగీ ఖర్చు 200 తీసేస్తే మిగిలింది 1,800. స్వయం ఉపాధి పన్ను దాదాపు 254 పోతే 1,546. అంటే గంటకు 19 డాలర్ల చిల్లర, ఆదాయపు పన్ను ఇంకా కట్టకముందే.

ఇదే లెక్కను తిప్పి వేయండి. మీ పనికి గంటకు 45 డాలర్లు సబబు అనుకుంటే 80 గంటలకు 3,600. ఆ అంకె ముందు పెట్టుకుని బేరానికి కూర్చుంటే కాళ్ల కింద నేల ఉంటుంది. కమిటీకి కూడా ఈ కాగితమే చూపించండి. చాలామంది సాధన గంటలు చూసి నిజంగానే ఆశ్చర్యపోతారు.

సాధనకు 40 గంటలా? పాటలు ప్రతి ఏడూ అవే కదా?

మాటలు అవే. బాణీలు వేరు. రోజువారీ ప్రార్థనకు ఒక పద్ధతి, షబ్బత్‌కు ఒకటి, ఈ పండుగలకు పూర్తిగా వేరొకటి. ఈ పద్ధతిని నుసాఖ్ అంటారు. కోల్ నిద్రే లాంటి కొన్ని బాణీలైతే ఎవరూ మార్చడానికి వీల్లేనంత పాతవి, ఒక్క స్వరం తేడా వచ్చినా ముందు వరసలోని ముసలమ్మ తల ఎత్తి చూస్తుంది. ఈ పండుగల ప్రార్థన పుస్తకాన్ని మహ్‌జోర్ అంటారు, వందల పేజీలుంటుంది. అందులో ఏ పేజీలు పాడతారు, ఏవి చదువుతారు, ఏవి వదిలేస్తారు అనేది ప్రతి సినగాగుకూ వేరు. ముసాఫ్ ముందు హజ్జాన్ ఒంటరిగా పాడే హినెనీ, అందరూ లేచి నిలబడే ఉనెతనె తోకెఫ్, పిల్లలకు కూడా వచ్చిన అవీను మల్కేను, వీటికి ఒక్కోచోట ఒక్కో బాణీ. మొదటిసారి వెళ్లే చోటైతే 40 గంటలు చాలవు. రెండో ఏడు సగం సరిపోవచ్చు.

క్యాలెండర్ కూడా ఒక చేయి వేస్తుంది. 2026లో రోష్ హషానా మొదటిరోజు శనివారం పడింది. షబ్బత్ నాడు సంప్రదాయ సినగాగుల్లో షోఫార్ ఊదరు, ఆదివారం మాత్రమే ఊదుతారు. చాలామంది ఆ శనివారం అవీను మల్కేను కూడా పాడరు. నిరుడు వాడిన పాటల వరస ఈ ఏడాదికి అలాగే పనికిరాదన్నమాట.

ఇంకా ఒంటికి సంబంధించినది ఒకటుంది. యోమ్ కిప్పూర్ ఉపవాసం 25 గంటలు, మంచినీళ్లు కూడా ముట్టరు. హజ్జాన్ ఆ ఉపవాసంలోనే పాడాలి. నెయిలా వేళకు గొంతు ఎండి, పై స్వరాలు గీసుకుపోతాయి. నేను ముందే మాట్లాడుకుని సాయంత్రం పాటలకు శ్రుతి అర మెట్టు దించి వాయిస్తాను, ఒక్కోసారి ఒక మెట్టు. ఆ రోజు మధ్యాహ్నం పాడుతున్న మనిషి మెడ నరాలు చూసినవాళ్లెవరూ గంటకు ఇంత అని బేరమాడరు.

సంఘాల అధికారిక రేటు పట్టిక ఏదైనా ఉందా?

కాంటర్లకు పెద్ద సంఘాలు ఉన్నాయి. కన్సర్వేటివ్ వైపు 1947లో ఏర్పడిన కాంటర్స్ అసెంబ్లీ, రిఫార్మ్ వైపు 1953 నాటి అమెరికన్ కాన్ఫరెన్స్ ఆఫ్ కాంటర్స్. పట్టం ఉన్నవాళ్లు సలహా కోసం ముందు అక్కడికే వెళ్లాలి. కానీ ఒకరోజు పనికి ఇంత అని గోడకు అంటించే పట్టిక కోసం వెతక్కండి.

దానికి ఒక కారణం చట్టం. అమెరికన్ గిల్డ్ ఆఫ్ ఆర్గనిస్ట్స్ అనే సంఘం తన సభ్యులకు పారితోషికాల పట్టికలు, లెక్క వేసే సూత్రాలు తయారుచేసి ఇచ్చేది. అది పోటీని దెబ్బతీస్తుందని ఫెడరల్ ట్రేడ్ కమిషన్ పట్టుకుంది. 2017లో సంఘం రాజీకి వచ్చి ఆ పద్ధతి మానుకుంది. కాబట్టి మన ఊరి కళాకారులంతా వాట్సాప్ గ్రూపులో చేరి "ఇంతకు తక్కువకు ఎవరూ ఒప్పుకోకూడదు" అని తీర్మానం చేయడం కూడా చిక్కే. మీ లెక్క మీరు వేసుకోండి, మీ ధర మీరు చెప్పండి.

పెద్ద అంకెలు వినిపిస్తుంటాయి. నిజమేనా?

నిజమే. వందల్లో ఇచ్చే చోట్లూ ఉన్నాయి, ఐదంకెల్లో ఇచ్చే చోట్లూ ఉన్నాయి. ఇది ఇప్పటి విడ్డూరం కాదు. 20వ శతాబ్దం మొదట్లో న్యూయార్క్‌లో పేరున్న హజ్జాన్ కోసం జనం టికెట్లు కొనేవారు. పండుగ రోజులకు మాత్రమే హాళ్లు అద్దెకు తీసుకుని, గొంతున్నవాడిని పెట్టి, టికెట్లు అమ్మి, పండుగ అవగానే మాయమయ్యే సినగాగులు పుట్టగొడుగుల్లా లేచేవి. వాటి పేరే పుట్టగొడుగు సినగాగులు. ఆ రోజుల్లో పేరుమోసిన హజ్జాన్ యోస్సెలె రోజెన్‌బ్లాట్‌కు 1918లో షికాగో ఒపేరా ప్రదర్శనకు వెయ్యి డాలర్లు ఇస్తామంది. ఆయన ఒప్పుకోలేదు, హజ్జాన్ ఒపేరా వేదిక ఎక్కకూడదని. తర్వాత వ్యాపారంలో మునిగి దివాలా తీసి, అప్పులు తీర్చడానికి వోడవిల్ అనే వినోద ప్రదర్శనల హాళ్లలో పాడాల్సి వచ్చింది.

సినగాగు చిన్నది, డబ్బు లేదంటున్నారు. ఏం చేయాలి?

ముందు ఒకటి గమనించండి. పండుగనాడు డబ్బు ముట్టరు కాబట్టి హుండీ తిప్పడం లాంటిది ఉండదు. ఏడాది సభ్యత్వం, పండుగ టికెట్లు, కోల్ నిద్రే రాత్రి చేసే విరాళాల విన్నపం, వీటిమీదే ఖజానా నడుస్తుంది. ఏడాదిలో ఎక్కువ డబ్బు తెచ్చిపెట్టేది మీరు పాడే ఆ రెండు పండుగలే. "డబ్బు లేదు" అన్న మాట నిజమే అయి ఉండొచ్చు, అయినా బడ్జెట్‌లో సంగీతానికి ఎంత పెట్టారని మర్యాదగా అడగడంలో తప్పులేదు. పూలకు, కుర్చీల అద్దెకు, టెంటుకు బేరం లేకుండా ఇచ్చి పాటదగ్గరే చేయి ముడుచుకునే కమిటీలను చూశాను.

నిజంగానే లేకపోతే పని తగ్గించండి, ధర తగ్గించకండి. సెలిహోత్ వాళ్లే చేసుకుంటారు. మిన్హా సమాజంలోని పెద్దాయన ఎవరో నడిపిస్తారు. కోరస్ లేకుండా ఒక్క గొంతుతో సరిపెడతారు. లేదా మూడేళ్లకు ఒకేసారి ఒప్పందం రాసుకుంటే రెండో ఏడు నుంచి మీ సాధన తగ్గుతుంది, వాళ్లకు వెతుకులాట తప్పుతుంది. కాంటర్ చదువుతున్న విద్యార్థులు ఇలాంటి చోట్లకు పండుగలకు వెళ్తుంటారు, ఆ దారి కూడా కమిటీకి చెప్పొచ్చు.

"మీకు తోచింది ఇవ్వండి" అని మాత్రం అనకండి. మన పురోహితుడికి సంభావన ఇచ్చినట్టు తాంబూలంలో పెట్టి ఇచ్చే అలవాటు అక్కడ లేదు. తోచింది అంటే వాళ్లకు తోచేది నిరుటి అంకే.

డబ్బు వద్దు, సేవగా చేస్తానంటే?

మీ ఇష్టం. కాకపోతే అమెరికా పన్ను చట్టంలో మీ సమయం విలువను విరాళంగా చూపించడం కుదరదు. ఫీజు పుచ్చుకుని, తర్వాత విడిగా చెక్కు రాసి విరాళం ఇవ్వడం శుభ్రం. దీనివల్ల ఇంకో మేలుంది: వచ్చే ఏడాది మీ చోట్లో ఎవరైనా వస్తే, బడ్జెట్‌లో ఆ అంకె బతికే ఉంటుంది. మీరు ఊరికే పాడిపోతే తర్వాత వచ్చే ఇల్లు గడవాల్సిన మనిషి మొదటినుంచీ పోరాడాలి.

కోరస్‌లో కొందరికి డబ్బు ఇచ్చి, కొందరికి ఇవ్వకపోతే గొడవ రాదా?

వస్తుంది. దాచిపెడితే ఇంకా వస్తుంది. స్వచ్ఛందంగా పాడేవాళ్లు పదిమంది ఉంటే, స్వరం తప్పకుండా పట్టి ఉంచడానికి నలుగురు వృత్తి గాయకులను తెచ్చుకోవడం చాలాచోట్ల మామూలే. ఆ సంగతి ముందే అందరికీ చెప్పేస్తే సగం గుసగుసలు పోతాయి. ఇంకో రకం అన్యాయం గురించి తక్కువ మాట్లాడుకుంటారు. ఊళ్లోనే ఉండి ఏడాదంతా పాడే ఆడమనిషికి తక్కువ ఇచ్చి, బయటినుంచి విమానంలో వచ్చిన మగాయనకు ఎక్కువ ఇవ్వడం. ప్రయాణం ఖర్చు విడిగా ఇవ్వండి, ఫీజు మాత్రం పనిని బట్టి ఒకటే ఉండాలి.

ప్రయాణం, బస, భోజనం?

ఫీజులో కలపకండి. సంప్రదాయ సినగాగైతే హజ్జాన్ పండుగనాడు కారెక్కరు, కాబట్టి నడిచి వెళ్లే దూరంలో బస కావాలి, కోషర్ (వాళ్ల ఆహార నియమాల ప్రకారం వండిన) భోజనం కావాలి. అది వాళ్లకూ పండుగే. భార్యాపిల్లలను వదిలి రమ్మనడం భావ్యం కాదు, కుటుంబానికి కూడా చోటు, టికెట్లు అడగాలి. నాలాంటి వాద్యకారుడికి ఇవేవీ అక్కర్లేదు, పెట్రోలు ఖర్చు చాలు. సంప్రదాయం ఉన్నచోట యోమ్ కిప్పూర్ నాడు తోలు చెప్పులు వేసుకోరు, తెల్లబట్టలు కడతారు, అది అడిగి తెలుసుకోండి. ఉపవాసం ఉన్నవాళ్ల మధ్య కాఫీ కప్పుతో తిరగకండి.

ఉద్యోగం చేసుకుంటూ పాడేవాళ్లు సెలవులు కూడా లెక్కలో వేసుకోవాలి. 2025లో పండుగలు మంగళ, బుధ, గురువారాల్లో పడ్డాయి, సెలవులు పోయాయి. 2026లో రోష్ హషానా శని, ఆదివారాలే, సోమవారం ఒక్కటే పోతుంది.

లైవ్‌స్ట్రీమ్ చేస్తామంటున్నారు. దానికి వేరే అడగాలా?

2020 తర్వాత ఇది చాలాచోట్ల మామూలైపోయింది. ఆ రోజు ప్రసారం ఫీజులో కలిసిపోవచ్చు. రికార్డింగును దాచి వచ్చే ఏడాది మళ్లీ వేసుకోవడం, ముక్కలు కోసి ప్రచారానికి పెట్టుకోవడం వేరు, వాటికి విడిగా అనుమతి, విడిగా డబ్బు. ఇంకో సంగతి: అమెరికా కాపీరైట్ చట్టం ప్రార్థనా స్థలంలో ప్రార్థనలో భాగంగా పాడే పాటకు మినహాయింపు ఇస్తుంది, ఇంటర్నెట్ ప్రసారానికి ఆ మినహాయింపు లేదు. కొత్త బాణీల లైసెన్సు బాధ్యత సినగాగుదే అని కాంట్రాక్టులో ఒక వాక్యం రాయించుకోండి.

నేను స్టూడెంట్ వీసా మీద ఉన్నాను. చెల్లో వాయించి డబ్బు తీసుకోవచ్చా?

వద్దు. ఎఫ్-1 మీద అనుమతి లేకుండా బయట సంపాదించకూడదు. హెచ్-1బి మీద ఉన్నవాళ్లు స్పాన్సర్ చేసిన కంపెనీకి తప్ప పని చేయకూడదు, వారాంతంలో రెండు గంటలైనా సరే. "నగదు ఇస్తాం, ఎవరికి తెలుస్తుంది" అన్నా ఒప్పుకోకండి. కొన్ని వందల డాలర్ల కోసం గ్రీన్ కార్డును పణంగా పెట్టినట్టవుతుంది. హెచ్-4 మీద ఉండి వర్క్ పర్మిట్ వచ్చినవాళ్లకు ఈ ఇబ్బంది లేదు. సందేహం ఉంటే ముందు ఇమిగ్రేషన్ లాయర్‌ను అడగండి, తర్వాతే కమిటీకి మాట ఇవ్వండి.

పన్ను సంగతి?

సినగాగు మిమ్మల్ని ఉద్యోగిగా పెట్టుకోకపోతే మీరు స్వతంత్రంగా పనిచేసేవాళ్లు. నికరంగా 400 డాలర్లు దాటితే 15.3 శాతం స్వయం ఉపాధి పన్ను ఉంటుంది. 2025 దాకా 600 డాలర్లు దాటితే ఎంత చెల్లించారో చూపించే 1099-ఎన్‌ఈసీ ఫారం ఇచ్చేవారు, 2026 నుంచి ఆ హద్దు 2,000. ఫారం రాలేదని ఆదాయం చూపించకుండా ఉండకండి, ఆ రెండూ వేరు.

మన ఆంధ్రలో యూదులు ఉన్నారట కదా. అక్కడ ఎలా?

గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రయిమ్ అని తెలుగు మాట్లాడే ఒక చిన్న యూదు సమాజం ఉంది. తాము ఇజ్రాయెల్ గోత్రాల్లో ఒకటైన ఎఫ్రయిమ్ వంశమని వాళ్ల విశ్వాసం. వాళ్లకో సినగాగు ఉంది. కొంకణ తీరంలోనూ ముంబయిలోనూ బెనె ఇజ్రాయెల్ వాళ్లకు చాలాకాలం రబ్బీలు లేరు, ప్రార్థనా పెళ్లిళ్లూ హజ్జాన్లే నడిపించారు. పైన రాసిన డాలర్ల లెక్కలు ఈ సమాజాలకు వర్తించవు.

అడగడం ఎలా మొదలుపెట్టాలి?

ఫోన్‌లో అంకె చెప్పకండి. "సర్వీసుల జాబితా, ఒక్కోదాని నిడివి, రిహార్సల్స్ ఎన్ని, పాటలు ఎవరు ఎంచుతారు, ప్రసారం ఉందా, ఇవి పంపండి. రెండు రోజుల్లో మొత్తం ఫీజు రాసి పంపుతాను" అనండి. అవతలివాళ్లు జాబితా తయారుచేస్తున్నప్పుడే పని ఎంతో వాళ్లకు తెలిసొస్తుంది. ఈ మాటలు ఏప్రిల్, మే నెలల్లో, పెసాహ్ పండుగ అయ్యాక జరగాలి. ఆగస్టులో పిలిచారంటే ఎవరో మానేశారని అర్థం. ఎందుకు మానేశారో కూడా కనుక్కోండి.

డబ్బు ఎప్పుడు తీసుకోవాలి? గొంతు పోతే?

పండుగనాడు చెక్కు చేతికివ్వరు, మీరూ అడగకూడదు. సంతకం రోజున సగం, రోష్ హషానా ముందు వారంలో మిగతా సగం, లేదా యోమ్ కిప్పూర్ తర్వాత వచ్చే పనిరోజున. నేనైతే ముందు వారమే అంటాను. పండుగ అయిపోయాక కోశాధికారి ఊరెళ్లిపోతే నవంబర్ దాకా ఫోన్లు చేసుకుంటూ ఉండాలి.

జ్వరం, గొంతు పోవడం, ఫ్లోరిడా వైపైతే సెప్టెంబర్ తుఫాను, వీటికి ఏం చేయాలో కాంట్రాక్టులో ఉండాలి. వాళ్లు రద్దు చేస్తే, జులై ముందైతే అడ్వాన్సు మీ దగ్గరే ఉంటుంది, తర్వాతైతే మొత్తంలో ఎక్కువ భాగం ఇవ్వాలి, ఎందుకంటే అప్పటికి వేరే చోటు దొరకదు. మీరు మానుకోవాల్సి వస్తే, చేసిన రిహార్సల్స్ వరకు ఉంచుకుని మిగతాది తిరిగివ్వాలి, మీ బదులు పాడగల ఇద్దరి పేర్లు కూడా ఇవ్వాలి. ఆ ఇద్దరితో ముందే మాట్లాడి పెట్టుకోండి. కోల్ నిద్రే రోజు పొద్దున ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తరు.